గోవిందమ్మ దాచిన కుంపటి

తర్లుపాడు దగ్గరి ఒక పల్లెలో గోవిందమ్మ ముప్పై ఏళ్లుగా సేంద్రియ పద్ధతిలో గేదెలను మేపుతోంది. ఆ సంగతి ఆమెకు తెలియదు. దాన్ని లేమి అనుకుంటోంది. దాణా కొనలేక జొన్నచొప్ప వేసింది, కొండవారకు తోలింది. మందులు కొనలేక పిడుదులకు వేపనూనె పూసింది, దోమలకు కుంపట్లో వేపాకు పొగ పెట్టింది.

ఇట్లా ఉండగా ఒక పాల కంపెనీ ప్రకృతిని సీసాల్లో పోసి పట్నవాసులను ఉద్ధరించ సంకల్పించింది. కొట్టాలు తనిఖీ చేసి ఊరికొక సేంద్రియ రైతును ఎంచుతారట, ఆ ఇంటి ముందుకే పాలబండి వస్తుందట. రెండు పూటలా క్యాను నెత్తిన పెట్టుకొని రెండు మైళ్లు నడిచే గోవిందమ్మ మోకాళ్లకు ఈ కబురు అమృతంలా తోచింది.

తనిఖీల మర్మం ఆమెకు తెలుసు. అయిదేళ్ల కిందట గేదెల పథకానికని వచ్చిన అధికారి కొట్టమంతా చూసి, "ఒక్క దాణా మూట లేదు, మందు సీసా లేదు. ఏందమ్మా ఈ వెనకబాటు?" అని పేరు కొట్టేసి పోయాడు. చేసిన తప్పే మళ్లీ చేసేంత తెలివితక్కువది కాదామె. తనిఖీ ముందురోజు పక్కింటి ఆదిశేషు దగ్గరికి పోయింది. అతని గేదెలు సూది పడందే పాలు చేపవు.

"అల్లుడా, నీ దాణా మూటలు, మందు సీసాలు రేపొక్క పూట ఇయ్యి. కంపెనీ మేడం వస్తాంది, మర్యాదగా ఉండొద్దా?"

"అన్నీ తీసుకపో అత్తా."

"సూదులు గూడానా?"

"అవే ముందు తీసుకపో. ఆ పొగ కుంపటి మేడం కంట్లో పడితే నీకే నామర్దా. మా కొట్టంలో దాచిపెట్టు."

ఆదిశేషు దానగుణాన్ని ఊరు చూడటం అదే మొదలు.

మర్నాడు కంపెనీ తరఫున శిల్ప వచ్చింది. గోవిందమ్మ సీసాలను దేవుడి పటాల్లా వరుసగా పేర్చి ఉంచింది.

"ఇవన్నీ వాడతారా అమ్మా?"

"ఒక్కటీ వదలను తల్లీ. మాదంతా కొత్త పద్ధతి!"

శిల్ప నిట్టూర్చి కాగితం మీద అడ్డగీత గీసి, పక్క కొట్టంలోకి పోయింది. అక్కడ ఒక్క సీసా లేదు. ఊడ్చిన నేల మీద వేపాకు పొగ పవిత్రంగా లేస్తోంది.

వారం తిరక్కుండా ఆదిశేషు గోడకు 'సేంద్రియ రైతు' అని పచ్చబోర్డు పడింది. మందులూ సూదులూ తనిఖీ నాటి సాయంత్రమే సొంత గూటికి చేరాయి. కుంపటి మాత్రం చేరలేదు.

"నా కుంపటన్నా ఇయ్యి అల్లుడా, గేదెలు దోమలకు తన్నుకుంటాండాయి."

"మేడం నెలనెలా వస్తాదంట అత్తా. ఇక్కడే ఉండనీ."

గోవిందమ్మ క్యాను నెత్తికెత్తుకొని బయలుదేరింది. వెనక నుంచి పాలబండి హారన్ మోగింది.

"పక్కకు జరుగు పెద్దమ్మా," డ్రైవరు కేకేశాడు, "సేంద్రియ పాలు పోతాండాయి!"