అమ్మ కాచిన గంజి

మొన్న పటమటలో మా అన్నయ్య ఇంటికి వెళ్లాను. వాళ్ల కోడలు బూజుపట్టిన బ్రెడ్డు ముక్కల్ని చెత్తబుట్టలో వేయబోతుంటే, డెబ్బై దాటిన అన్నయ్య వాటిని లాక్కుని, కిటికీ దగ్గర నిలబడి భూతద్దంతో చూడటం మొదలుపెట్టాడు. ఆ వాసనకు నాకు మా నేతవీధి ఇల్లు గుర్తొచ్చింది.

మా ఇంట్లో మగ్గం ఎక్కకుండా చదువుకున్న మొదటివాడు అన్నయ్యే. బెజవాడలో ఒక కాలేజీ వృక్షశాస్త్రం ల్యాబులో తాత్కాలిక ఉద్యోగం దొరికింది. గడ్డివాముల మీది పుట్టగొడుగులు, తెగులుతో నల్లబడ్డ వరికంకులు, ఇబ్రహీంపట్నం వైపు గుట్టల్లో చెట్ల మొద్దులకు చెవుల్లా మొలిచేవి, ఏవి కనబడినా తెచ్చి ఎండబెట్టి అట్టలకు అంటించేవాడు. వానాకాలం వెళ్లాక కాలేజీ పెద్దలొచ్చి ఆ సేకరణ చూస్తారని, నచ్చితే ఉద్యోగం ఖాయమని అతని ఆశ. అంటించడానికి అమ్మ కాచిన గంజే వాడాడు. మా వీధిలో ఏది అతకాలన్నా గంజే కదా, అందులోనూ మగ్గం మీది పడుగు నూలుకు పెట్టే గంజి కాయడంలో అమ్మకు సాటి లేదు. అయితే పడుగు గంజి ఆ పూటే ఎండలో ఆరిపోతుంది, బూజు పట్టే వీలుండదు. పుస్తకాలు కుట్టేవాళ్లు బూజు రాకుండా అంటించే గంజిలో మైలుతుత్తం కలుపుతారన్న సంగతి మా ఇంటా వంటా లేదు.

ముసురులో మూసి ఉంచిన బీరువాను పెద్దల ముందు తెరిచేసరికి, అట్టలన్నిటినీ ఒకే పచ్చబూజు కప్పేసి ఉంది. హెడ్డుగారు విద్యార్థుల్ని పిలిచి మరీ చూపించారట. “మన మాస్టారు ఎండినవి కాదర్రా, పెరిగేవి తెచ్చారు” అన్నారట.

ఉద్యోగం పోయింది. ఆ రోజు అన్నం వడ్డిస్తున్న అమ్మతో అన్నయ్య, “నా నోటి దగ్గరి కూటికి నువ్వే బూజు పట్టించావమ్మా” అన్నాడు. అమ్మ, “ఇంకాస్త పల్చగా కాయాల్సిందేమోరా” అంది. అతను గంజి గిన్నెను వాకిట్లోకి విసిరికొట్టాడు.

తర్వాత ఆటోనగర్లో స్పేర్ పార్టుల దుకాణం పెట్టి నిలదొక్కుకున్నాడు, అమ్మనూ తెచ్చి దగ్గరే పెట్టుకున్నాడు, ఏ లోటూ చేయలేదు. కానీ అతను ఇంట్లో ఉండగా అన్నం వారిస్తే, అమ్మ గంజి గిన్నెను కొంగు చాటున పెట్టుకుని దొడ్డివైపు వెళ్లేది. పోయేదాకా అంతే. అన్నయ్య చూస్తూనే ఉండేవాడు, ఎందుకమ్మా అని ఒక్కనాడూ అనలేదు. హెడ్డుగారి మీద నాకు అంత కోపం రాలేదు, అన్నయ్య మీద వచ్చింది, ఇప్పటికీ ఉంది.

మొన్న అతను భూతద్దం దించి, మనవరాలిని పిలిచి బ్రెడ్డు చూపిస్తూ, “ఇలాంటి బూజునే మీ తాతమ్మ నాకు బీరువా నిండా పెంచి పెట్టిందే” అని కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. కోడలూ నవ్వింది, పిల్లా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కుక్కర్లు వచ్చాక గంజి వార్చే ఇళ్లే కరువయ్యాయి, మా వీధిలో మగ్గాలూ లేవు, కొంగు చాటున గిన్నె దాచుకోవాల్సిన అవసరం ఇప్పుడు ఏ తల్లికీ లేదు. ఆ నవ్వేదో అమ్మ దొడ్డివైపు నడుస్తున్న రోజుల్లో ఒక్కసారి నవ్వి ఉంటే అన్నయ్య సొమ్మేం పోయేది?