బెజునేష్ సర్వరు, నా గడియారం

మా జిమ్మా ఊళ్లో కాఫీ పోసేవాళ్లకు కొదవ లేదు. కానీ కంప్యూటర్ ఆఫీసు వరండాలో, సర్వరు గది గుమ్మం ఎదుట పీట వేసుకుని కూర్చునే హక్కు నా ఒక్కదానిదే. ఆ హక్కు ఇప్పించింది ఎత్యే బెజునేష్. నాకంటే పదేళ్లు పెద్దది గనక అక్కా అన్నట్టు ఎత్యే అంటాను గానీ, రోజుకో తగవైనా పడకపోతే మా ఇద్దరికీ పొద్దు గడవదు.

ఆవిడ ఒకప్పుడు టైపిస్టు. టైపు మిషన్లు మూలపడ్డాక, ఎవరైనా "ఇక ఇంటికెళ్లమ్మా" అనేలోగా తనే కుర్చీ జరుపుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. నలభై ఆరో ఏట, తన కూతుళ్ల వయసు వాళ్లను అడిగి అడిగి విసిగించి నేర్చుకుంది. పదేళ్లు తిరిగేసరికి సర్వరు ఆవిడ చేతికి వచ్చింది. సర్వరంటే ఎక్కడో ఆకాశంలో ఉండేది కాదు. గది మూల బల్ల మీద, ఎత్యే స్వయంగా అల్లిన లేసు గుడ్డ కప్పుకుని గురగురలాడే పాత పెట్టె. ఆఫీసు వాళ్లు తాము రాసిన అప్లికేషన్‌ను జనంలోకి పంపేముందు దానిలోకి ఎక్కించి చూసుకుంటారు. దాన్నే పబ్లిష్ చేయడం అంటారు.

అప్పట్లో ఒక్క అక్షరం దిద్దినా అప్లికేషన్ మొత్తం చెరిపి, మళ్లీ మొదటినుంచీ ఎక్కించాల్సిందే. అది ఎక్కేలోగా నేను గింజలు వేయించి, దంచి, మూడు విడతలూ పోసేసేదాన్ని. మొదటిది అబోల్, రెండోది తోనా, మూడోది బరకా. బరకా తాగకుండా లేచిపోతే దీవెన అందదు. సర్వరు పుణ్యమా అని ఆ ఆఫీసులో దీవెన అందనివాడు లేడు.

మధ్యలో కరెంటు పోయిందా, ఇక చెప్పక్కర్లేదు. సగం కొత్తది, సగం పాతది అయి అప్లికేషన్ ఎటూ కాకుండా పోయేది. ఎత్యే ఉసూరుమంటూ మళ్లీ మొదలుపెట్టేది.

ఆ ఏడు వాళ్లు పల్లెల్లో పసిపిల్లల టీకాలు రాసుకునే అప్లికేషన్ చేస్తున్నారు. ఆఫీసు పెద్ద దెజెనె ఒక సోమవారం గుమ్మంలో నిలబడి అన్నాడు.

"ఎత్యే, గురువారం ఆరోగ్య కార్యకర్తలు వస్తున్నారు. వాళ్లేదైనా మార్చమంటే అక్కడికక్కడే మార్చి చూపించాలి. ఆ రోజు కూడా ఇలాగే నలభై నిమిషాలు పట్టిందంటే సర్వరుని రాజధానిలో అద్దిస్ వాళ్లకి ఇచ్చేస్తా. మీరు కూడా పెద్దవాళ్లయ్యారు, రిసెప్షన్లో హాయిగా కూర్చోండి."

హాయిగానట! నాకు ఒళ్లు మండింది. ఎత్యే మాత్రం లేసు గుడ్డ సర్దుతూ "సరే నాయనా" అంది. భర్త లేడు, కూతుళ్లు వాళ్ల ఇళ్లలో వాళ్లున్నారు. ఆ పెట్టె కూడా పోతే ఆవిడకి పొద్దున్నే లేవడానికి ఏముంటుంది?

మూడు రోజులు కూర్చుంది. నోట్‌బుక్ నిండా ముత్యాల్లాంటి అక్షరాలు. ఏం చేస్తున్నావని అడిగితే తిరిగి నన్నే అడిగింది.

"నువ్వు తోనాకి మళ్లీ కొత్త గింజలు వేయిస్తావా?"

"ఎందుకు వేయిస్తాను? అదే పొడి మీద నీళ్లు పోస్తాను."

"నేనూ అదే చేస్తున్నానే. ఎక్కించిన ఫైలు ఏ వేళకి ఎక్కిందో సర్వరుకి తెలుసు. ఆ తర్వాత దిద్దిన ఫైలుంటే అదొక్కటే వెళ్తుంది. మారనిది కదపకూడదు."

బుధవారం మధ్యాహ్నం దాన్ని నడిపి చూశారు. నా గింజలు ఇంకా పెనం మీదే ఉన్నాయి, పబ్లిష్ అయిపోయింది! వరండాలో కూర్చున్నవాళ్లంతా బిలబిలమంటూ లోపలికి పరుగెత్తారు. నా కాఫీ కూజా, జెబెనా మూతి చూసిన వాడు లేడు.

నా నోటికి ముందే తాళం లేదు. గురువారం పొద్దున్న మా లెక్కలో మూడింటికి కరెంటు పోయి, నాలుగు కావస్తుండగా వచ్చింది. ఎత్యే సర్వరు ముందు కూర్చుని దాని గడియారం సరిచేస్తోంది. లోపలి బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటు పోయినప్పుడల్లా అది ఏ పాతకాలానికో వెళ్లి నిద్ర లేస్తుంది. తన చేతి గడియారం చూసి, మనసులో ఆరు కలిపి, ఆవిడ దానికి వేళ చెప్పాలి. మాకు రోజు తెల్లవారడంతో మొదలు. పొద్దు పొడిచిన గంటకు మాది ఒంటిగంట, కంప్యూటర్లకు అదే ఏడు. సరిగ్గా ఆవిడ వేళ కొడుతున్నప్పుడే నేను వెళ్లి పడ్డాను.

"యంత్రానికి తొందర నేర్పావు, మనుషులకి దీవెన మాన్పించావు! నన్ను కూడా ఏ రిసెప్షన్లోనో కూర్చోబెడతావా ఎత్యే?"

ఆవిడ తల తిప్పి నావైపు చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మీట నొక్కి లేచింది. నోరు జారానని తెలిసింది గానీ, తగ్గడం నాకు చేతనైతేగా.

హాలు నిండా ఆరోగ్య కార్యకర్తలు. వాళ్లలో ఒకావిడ లేచి "ఇందులో పగుమే నెలేది?" అంది. ఏడాది చివరి ఐదు రోజుల నెలను జాబితాలో పెట్టడమే మరిచిపోయారు. "పగుమేలో పుట్టిన పిల్లలు పుట్టనట్టేనా?" అనేసరికి హాలంతా నవ్వులు. ఆ అప్లికేషన్ రాసే హవీ అనే అమ్మాయి పరుగున వచ్చి, సర్వరులో ఉన్న ఆ ఫైలు తెరిచి, పగుమే చేర్చి సేవ్ చేసింది. ఎత్యే పబ్లిష్ నొక్కింది.

మారినవేవీ లేవు, అంది సర్వరు.

మళ్లీ నొక్కింది. మళ్లీ అదే మాట. హవీ ముఖం పాలిపోయింది. "దిద్దాను ఎత్యే, దేవుడి తోడు దిద్దాను!" దెజెనె గుమ్మంలోకి వచ్చి చేతిలో ఫోన్ తిప్పుతూ "అద్దిస్‌కి చేసెయ్యనా?" అన్నాడు. మొత్తం చెరిపి పాత పద్ధతిలో ఎక్కించవచ్చు. కానీ నలభై నిమిషాలు! అప్పటిదాకా వచ్చినవాళ్లూ ఉండరు, ఎత్యే కుర్చీ ఉండదు.

నాకేం చేయాలో తోచలేదు. నాకు తెలిసిందొక్కటే. తోనా పోసి తీసుకెళ్లి ఆవిడ చేతి పక్కన పెట్టాను. పెడుతూ తెర మూల అంకెలు చూశాను, నా చేతి గడియారం చూసుకున్నాను.

"ఇదేంటి ఎత్యే, ఇవాళ నీ పెట్టె మన మనిషైపోయింది? రోజూ నాది నాలుగంటే అది పది అంటుంది. ఇవాళ నాదీ నాలుగూ ఇరవై అయిదే, దానిదీ నాలుగూ ఇరవై అయిదే!"

ఎత్యే తన చేతి గడియారం చూసుకుంది. తర్వాత నుదురు ఠప్పున కొట్టుకుంది.

"ఆరు కలపలేదే షాషితూ! పొద్దున్న ఈ ఫైలుకే రంగు మార్చి పంపాం, అది పెట్టె గడియారంలో ఎనిమిదిన్నరకి ఎక్కినట్టుంది. ఇప్పుడు దిద్దింది నాలుగింటిదిగా పడింది. దీని లెక్కలో కొత్తదే పాతది!"

గడియారం సరిచేసింది. హవీ మళ్లీ సేవ్ చేసింది. ఎత్యే నొక్కింది. మారినది: ఒకటి. నేను కప్పు తీసుకుని గుమ్మం దాటేలోగా హాల్లో చప్పట్లు వినిపించాయి. ఆ కార్యకర్త తన సొంత కూతురి పేరే రాసి, పగుమే మూడు అని నొక్కి, పక్కవాళ్లకు చూపిస్తోంది. దెజెనె ఫోన్ జేబులో పెట్టుకుని "ఎత్యే, నాకూ ఓ కప్పు చెప్పండి" అన్నాడు. రిసెప్షన్ మాట మళ్లీ ఎత్తలేదు.

"నా నోటివల్లే కదా నువ్వు ఆరు మరిచావు" అన్నాను ఆ సాయంత్రం.

"నీ కంటివల్లే గట్టెక్కాను. చెల్లుకి చెల్లు. బరకా పొయ్యి."

మర్నాడు సర్వరు పక్క గోడకు కాగితం అంటించి ఉంది. పబ్లిష్ చేసే పద్ధతి, వరుసగా. మొదటి వాక్యం ఇది: "కరెంటు పోయి వస్తే సర్వరు గడియారాన్ని షాషితు గడియారంతో పోల్చాలి. రెండూ ఒకే అంకె చూపిస్తే ఏదీ పంపకూడదు." ఇరవై ఏళ్లుగా ఆఫీసుల ముందు కాఫీ పోస్తున్నాను. ఏ ఆఫీసు కాగితంలోనూ నా పేరు లేదు. పొగ కళ్లలోకి వెళ్లిందని చెప్పి బయటికొచ్చేశాను.

ఆ తర్వాత పబ్లిష్ ఎంత తొందరగా అయినా, ఎత్యే పీట మీంచి లేవదు. ఆవిడ లేవనిదే మిగతావాళ్లకి లేవడానికి మొహం చెల్లదు. మూడో విడతా చెల్లిపోతోంది.

మొన్న అద్దిస్ నుంచి కొత్త బ్యాటరీ వచ్చింది. ఇక కరెంటు పోయినా పెట్టె వేళ మరిచిపోదు. కాగితం తీసేయమన్నాను, పాతబడి అంచులు చిరుగుతోంది.

ఎత్యే అంచులకు కొత్త టేపు అంటిస్తూ అంది, "మారనిది కదపకూడదే."