సరిహద్దులో ఆవకాయ జాడీ

ఆ రోజుల్లో కొత్తగా ఏదైనా నేర్చుకున్నవాడు దాన్ని నలుగురి మీదా ప్రయోగించకుండా ఊరుకునేవాడు కాదు. హోమియోపతి పుస్తకం కొన్నవాడు దారినపోయేవాళ్లని ఆపి నాలుక చాపించేవాడు. టైపు నేర్చుకుంటున్నవాడు పెళ్లిపంక్తిలో కూర్చున్నా విస్తరి మీద వేళ్లు ఆడించేవాడు. నేను రామచంద్రపురంలో బి.ఏ. మొదటి సంవత్సరం పూర్తిచేసి, రాజ్యం అంటే ఏమిటో నేర్చుకున్నాను. మా పొలిటికల్ సైన్సు మాస్టారు ఏ పాఠం మొదలుపెట్టినా చివరికి ఆ నాలుగు లక్షణాల దగ్గరికే వచ్చి ఆగేవారు. ప్రజలు, భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం. ఈ నాలుగూ ఉంటే రాజ్యం, ఒక్కటి తగ్గినా కాదు. ఇంక చూసుకోండి, నా కళ్లకి అన్నీ రాజ్యాలే. మా ఇంట్లో ప్రజలున్నారు, భూభాగం ఉంది (పెరట్లో కొబ్బరిచెట్ల దాకా), కిరాణా కొట్టు నడిపే నాన్న ప్రభుత్వం, ఆయన్ని కూడా కూర్చోమని కూర్చోబెట్టి లెమ్మని లేపే మామ్మ సార్వభౌమాధికారం. ఈ సంగతి భోజనాల దగ్గర వివరిస్తే నాన్న ఓపిగ్గా విని, "సరే, ప్రభుత్వం చెబుతోంది, ఆ మజ్జిగ తాగేసి కొట్లోకి తగలడు" అన్నాడు. ఆ రోజునుంచి ఇంట్లో నా పేరు మేధావి.

ఆ వేసవిలోనే మామ్మ, నేను యానాం వెళ్లాం. అక్కడ మా మేనత్త ఉండేది. వాళ్ల పెరటి మామిడికాయ పుల్లగా, టెంక గట్టిగా, ఆవకాయకే పుట్టినట్టుండేది. అందుకని మామ్మ ప్రతి ఏడూ ఆవపిండి, కారం, పప్పునూనె ఇక్కడినుంచి మోయించుకెళ్లి, అక్కడే కలిపి, జాడీకెత్తి తెచ్చేది. యానాం మా గోదావరి జిల్లా మధ్యలోనే ఉన్నా పాండిచ్చేరి వాళ్లదని తెలిసిందే. అక్కడ మందు చవక. కాబట్టి తిరుగుబస్సులన్నిటినీ మనవైపు సరిహద్దు దాటగానే ఆపి సోదా చేసేవారు. వెళ్లేటప్పుడు ఆ చెక్‌పోస్టు చూసి నేను పొంగిపోయాను. భూభాగానికి హద్దు అని పుస్తకంలో చదవడమే గాని కంటితో చూడ్డం అదే మొదలు. నిజానికి అక్కడున్నది ఒక తాటాకు పాక, రోడ్డుకి అడ్డంగా ఒక వెదురుబొంగు.

తిరుగు ప్రయాణంలో మామ్మ జాడీని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ముందురోజే కలిపిన ఆవకాయ, పైన తెల్లటి గుడ్డతో వాసెన కట్టి ఉంది. మూడోరోజున తిరగకలిపేదాకా ఆ గుడ్డ విప్పడానికి వీల్లేదు. తడి తగిలినా, మట్టిచెయ్యి పడినా బూజు పడుతుంది. బూజు పడితే ఇంట్లో పదిమందికి ఏడాది పొడుగునా ఆవకాయ లేదు. మామ్మకైతే పెరుగన్నంలోకి మరో ఆధారమే లేదు. చెక్‌పోస్టులో బస్సు ఆగింది. ఒక ఎక్సైజు కానిస్టేబులు ఎక్కాడు, బుర్రమీసాలూ ఆయనా. చేతిలో బస్తాలు పొడిచి చూసే ఇనపఊచ ఉంది. దాని నిండా తుప్పు.

"మామ్మగారూ, జాడీలో ఏంటండీ?" అన్నాడు.

"ఆవకాయ బాబూ."

"అలాగే అంటారండి. మొన్నొకాయన ఇలాగే పైన ఆవకాయ, అడుగున సీసాలు పెట్టుకుపోతూ దొరికాడు. ఓసారి మూత తియ్యండి, ఊచతో చూసేసి వదిలేస్తాను."

ఆ ఊచ చూసి మామ్మ జాడీని రెండు చేతులా పొదివి పట్టుకుంది. అప్పటికే కండక్టరు, "మామ్మగారు ఏటా తీసుకెళ్తారండీ, నాకు తెలుసు" అంటున్నాడు. కానిస్టేబులు కూడా ఊచ కొంచెం వెనక్కి తీశాడు. మరో నిమిషం ఆగితే దిగిపోయేవాడే. కాని మేధావిని బస్సులో పెట్టుకుని ఏ పనైనా సవ్యంగా ఎలా జరుగుతుంది? నేను లేచి నిలబడ్డాను (పైన కడ్డీకి తల కొట్టుకుంది, అయినా ఆగలేదు). "చూడండి, రాజ్యం వేరు, ప్రభుత్వం వేరు. సార్వభౌమాధికారం రాజ్యానిది. మీరు రాజ్యం కాదు. మీరు ప్రభుత్వం చేతిలో ఒక సాధనం మాత్రమే!" అన్నాను. సాధనం అన్నప్పుడు నా వేలు ఆ ఊచ వైపు చూపించింది.

వెనకసీటులో ఎవరో, "ఏంటంట? ఊచ అన్నాడా ఆయన్ని?" అన్నారు. కానిస్టేబులు ముఖం ఎర్రబడింది. "ఓహో, అలాగాండీ. అయితే సాధనంగా నా డ్యూటీ నేను చేస్తాను. జాడీ కిందకి దింపండి. మూత తీశాకే బస్సు కదుల్తుంది" అన్నాడు. అందరూ నన్ను తిట్టడం మొదలుపెట్టారు. కొట్టుకి సరుకు తీసుకెళ్తున్న ఒకాయన, "అబ్బాయ్, ఇంకో పాఠం చెప్పావంటే రాత్రికి ఇక్కడే పడుకోవాలి" అన్నాడు.

మామ్మ నావంక చూడనైనా చూడలేదు. జాడీతో సహా కిందికి దిగింది. దాన్ని పాకలో బల్లమీద పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని, "బాబూ, నీ డ్యూటీ నువ్వు చెయ్యాల్సిందే. కాని ఇవాళ విప్పితే పాడైపోతుంది. రేపు మూడోరోజు. జాడీ ఇక్కడే ఉంచు. పొద్దున్నే నేనొచ్చి నీ ఎదురుగానే అడుగుదాకా తిరగకలుపుతాను, సీసాలుంటే అప్పుడు పట్టుకో. నిన్నొక్కణ్ణీ ఇబ్బంది పెట్టడం ఎందుకు, మా మనవణ్ణి కాపలా వదిలేస్తాను" అంది.

వెనకాలే దిగిన నేను ఒక అడుగు బస్సు వైపు వేశాను. కానిస్టేబులు, "అలాగేనండి, ఇక్కడే ఉంటుంది" అన్నాడు తేలిగ్గా.

"చల్లగా ఉండు నాయనా. జాగ్రత్తగా విను. ఎండ తగలకూడదు, అలాగని చెమ్మ ఉండకూడదు. ఒరగకూడదు. చీమ ఎక్కకుండా నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టు, ఆ నీళ్లు చుక్క కూడా మీద పడకూడదు. ఈ పాక కురుస్తుందా?"

కానిస్టేబులు తలెత్తి పైకి చూశాడు. తాటాకుల సందుల్లోంచి ఆకాశం కనిపిస్తోంది. పడమట మబ్బు పట్టి ఉంది. "కురుస్తుందండి" అన్నాడు. మళ్లీ తనే, "ఒకవేళ పాడైపోతేనండీ?" అని అడిగాడు.

"పోతే ఏముంది బాబూ? ఇంటిల్లిపాదీ ఏడాదిపాటు రోజూ అన్నం ముందు కూర్చుని నిన్ను తలుచుకుంటాం" అంది మామ్మ చాలా ప్రేమగా.

ఆయన జాడీ వంక చూశాడు, మబ్బు వంక చూశాడు, నావంక కూడా చూశాడు. తరవాత ఊచ గోడకి ఆనించి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, జాడీని తనే మోసుకొచ్చి మామ్మ సీట్లో పెట్టాడు. "ఈ బాధ్యత నా వల్ల కాదండి, మీరు తీసుకెళ్లండి" అన్నాడు. వెదురుబొంగు లేచింది. ద్రాక్షారామం దాటాక మామ్మ ఒకే ఒక్క మాట అంది, "పాపం, ఆ అబ్బాయికి ఇంట్లో ఆవకాయ పెట్టేవాళ్లున్నారో లేదో."

మర్నాడు తిరగకలిపి, మొదటి గిన్నె దేవుడి దగ్గర కాకుండా నా చేతిలో పెట్టింది. బస్సెక్కి ఆ కానిస్టేబులుకి ఇచ్చి రమ్మంది. సిగ్గుతో చచ్చిపోతూ వెళ్లాను. పాకలో ఆయనొక్కడే క్యారేజీ విప్పుకుని కూర్చుని ఉన్నాడు. ఊరు జంగారెడ్డిగూడెం అవతలట, ఉద్యోగంలో చేరాక ఇంటికి వెళ్లడానికి సెలవే దొరకలేదట. ఆవకాయ కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కారానికో, మరెందుకో కళ్లు తుడుచుకున్నాడు. నాకూ ఒక ముద్ద పెట్టి, "స్టూడెంటుగారూ, నిన్న మీరేదో చెప్పారు, కోపంలో సరిగ్గా వినలేదు. ఇప్పుడు చెప్పండి" అన్నాడు.

నాలుగు లక్షణాలూ చెప్పాను. ఈసారి కూర్చునే చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "మరి ఆ నాలుగింట్లో నేనెక్కడొస్తానండీ?" అని అడిగాడు.

"మీరు ప్రభుత్వంలో వస్తారండి" అన్నాను. తన క్యారేజీలోని చల్లారిన మెస్సు అన్నం కేసి చూసుకుంటున్న ఆయన్ని చూస్తే ఆ జవాబు చాలదనిపించింది. "ప్రజల్లో కూడా వస్తారండి" అన్నాను.

"అయితే రెండు పోస్టులండీ నావి! మరి జీతం ఒక్కటే ఇస్తున్నారేంటి?" అని పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను.

తరవాత నేనూ ఆ పాఠమే చెప్పుకుని బతికాను. ఎన్ని బ్యాచీలకి చెప్పానో లెక్కలేదు. ఆ నాలుగు లక్షణాల దగ్గరికి రాగానే బస్సులో కడ్డీకి తల కొట్టుకుంటూ లేచిన ఆ మేధావి నాకు కనిపిస్తాడు, నవ్వొస్తుంది. పిల్లలు ఎందుకు మాస్టారూ అంటారు. ఏం లేదర్రా, రాసుకోండి అంటాను. ఆ కుర్రాడు ఆ రోజు ఉపన్యాసం ఇవ్వకుండా నోరు మూసుకుని కూర్చుని ఉంటే, ఆ పాకలో ఆయన పక్కన కూర్చుని ఒక ముద్ద తినే భాగ్యం నాకు దక్కేది కాదు.