అప్పలసూరి కొట్టిన పది పిట్టలు

గూడ్సు డ్రైవరు అప్పలసూరి లాంటి మొండిఘటం బాగ్‌బేరా రైల్వే కాలనీ మొత్తం వెతికినా ఇంకొకడు దొరకడు. పలాస పక్క పల్లె నుంచి ఈ హిందీ ఊరికి, ఆవిరి ఇంజనులో బొగ్గు వేసే పనికి వచ్చి, ఇరవయ్యారేళ్లలో కరెంటు ఇంజను దాకా ఎక్కినవాడు. జ్వరమొస్తే మాత్ర వేసుకోడు. పన్ను నొప్పెడితే లవంగం నమిలి ఊరుకుంటాడు. అలాంటివాడు పంతొమ్మిది వందల ఎనభై ఆరు చలికాలంలో భయంతో తిండి మానేశాడు. కారణం ఒక్కటే. సోమవారం అతనికి రైల్వే కంటి పరీక్ష.

చూపు చెడిందని అతనికి తెలుసు, ఒప్పుకోడు, అంతే. దూరాన దీపం చూస్తే దాని చుట్టూ పాలు ఒలికినట్టుంటుంది. మొన్న భోజనాల దగ్గర చెంబు వంచి, నీళ్లన్నీ గ్లాసు పక్కన పోశాడు. "ఏటండీ, సూసుకోరా?" అంది భార్య జోగమ్మ. తప్పు తనదైనా ఆమె మీదే విరుచుకుపడ్డాడు.

పరీక్ష తప్పితే ఏమవుతుందో రోజూ కళ్లెదుటే ఉంది. జగ్గారావని, ఒకప్పుడు మెయిలు నడిపినవాడు. చూపు చాలదని ఇంజను దింపేసి పార్శిలాఫీసు గుమ్మం దగ్గర స్టూలు వేశారు. నిన్నటిదాకా లేచి నిలబడినవాళ్లే ఇప్పుడు "ఓయ్, తలుపు తియ్" అంటున్నారు. ఆ స్టూలు ఎదురైతే చాలు, అప్పలసూరి మొహం తిప్పుకుని నడిచేవాడు.

ముందుగా ఊళ్లో ఓ కళ్ల డాక్టరుకి చూపించుకోవచ్చు కదా అంటారు. నేనూ అదే అంటాను! కానీ డాక్టరు మెట్లెక్కడం ఎవడైనా చూస్తే సాయంత్రానికి కాలనీ అంతా తెలిసిపోతుందని వాడి భయం. అందుకని ఏం చేశాడో వినండి. బిష్టుపూర్‌లో మేళా వేశారు. అందులో తుపాకీ ఆట పెట్టారని, ఇంజనులో తన పక్కన కూర్చునే అసిస్టెంటు బలరామ్ చెప్పాడు. "టీవీ డబ్బాలో పిట్టలెగరతన్నాయి సూరన్నా. తుపాకీ గురిపెట్టి నొక్కితే పడిపోతన్నాయి." అప్పలసూరి మనసులో పందెం వేసుకున్నాడు, పదిలో ఎనిమిది కొడితే తన కళ్లు బాగున్నట్టేనని. డాక్టరు చెయ్యాల్సిన పని పిట్టలకి అప్పజెప్పాడు మహానుభావుడు.

శనివారం సాయంత్రం భార్యని వెంటబెట్టుకుని వెళ్లాడు. డేరాలో చెక్కపెట్టె, అందులో తెర, వైరుతో కట్టిన ప్లాస్టిక్ తుపాకీ. అప్పలసూరి గీత దగ్గర నిలబడ్డాడు. ఎదురుగా అంతా మసక. ఆ మసకలో పచ్చగా, గుండ్రంగా ఒకటి మెరిసింది. నొక్కాడు. పెట్టె టింగుమంది. మళ్లీ నొక్కాడు. టింగ్! మూడు, నాలుగు, ఐదు... పదికి పదీ పడ్డాయి. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

"నానన్నాను కాదేటండీ! మీ కళ్లకేటయ్యిందని!" జోగమ్మ కళ్లనిండా నీళ్లు. అప్పలసూరి నవ్వాడు. ఎన్ని నెలలయిందో ఆ మనిషి నవ్వి! "ఎల్లు, జిలేబీ కట్టించు" అన్నాడు.

ఆమె అలా వెళ్లగానే ఆటవాడు దగ్గరకొచ్చి కన్నుగీటాడు. "యే చాలాకీ కిస్‌నే సిఖాయీ, భాయ్ సాబ్? బల్బ్ కో మార్‌నా?"

బల్బుని కొట్టే ఈ తెలివి ఎవరు నేర్పారన్న ఆ మాట అప్పలసూరికి అర్థం కాలేదు. ఆటవాడు నవ్వుతూ విడమరిచాడు. తుపాకీకి పిట్ట ఏదో తెలీదట, వెలుగొక్కటే తెలుసట. పెట్టె పక్కన వేలాడే బల్బుకి గురిపెడితే ప్రతిసారీ టింగుమంటుందట. కాలేజీ కుర్రాళ్లంతా అలాగే మోసం చేస్తారట.

అప్పలసూరి తలెత్తి చూశాడు. ఆట అయిపోయి తెర ఆరిపోయింది. అతని పిట్ట మాత్రం ఇంకా అక్కడే, పచ్చగా, గుండ్రంగా ఉంది. ఎగరడం లేదు. మోసం చేసినా బాగుండేది! అతను నిజంగానే దాన్ని పిట్ట అనుకున్నాడు.

జోగమ్మ పొట్లం తెచ్చి "తినండి" అంటే ముట్టుకోలేదు. బాగ్‌బేరాలో ఆటో దిగి, తిన్నగా పక్కింటి బలరామ్ దగ్గరికి పోయాడు. దారిలో ఒకటే ఓదార్పు పట్టుకు వేలాడాడు. ఇంజనులో సిగ్నల్ రాగానే డ్రైవరు రంగు పైకి చెప్పాలి, అసిస్టెంటు తనూ చూసి అదే మాట చెప్పాలి. పద్ధతి అది. రెండేళ్లుగా బలరామే ముందు అంటున్నాడు, అప్పలసూరి వాడి మాటే తిరిగి అంటున్నాడు.

"నీకు తెలుసు కదరా నా సంగతి" అన్నాడు.

బలరామ్ తలొంచుకున్నాడు. "తెలుసు సూరన్నా. అందుకే ముందు నానంటన్నాను."

"అయితే ఇంకేటి! నీ కళ్లు ఇద్దరికీ సాలవా? ఇంకొన్నేళ్లు లాగించేద్దుం. సోమారం ఎలాగోలా గట్టెక్కితే..."

బలరామ్ తల అడ్డంగా ఊపాడు. "దీపావళి ఎల్లిన వారం, మధ్యాన్నం పూట, నానోసారి కునికేశాను అన్నా. నువ్వు 'గ్రీన్' అంటే ఉలిక్కిపడి లేచి నానూ గ్రీన్ అనీసినాను. అప్పటికే సిగ్నల్ దాటిపోనాం. పోన్లే, అన్న సూసేడు కదాని ఊరుకున్నాను."

ఆ మధ్యాహ్నం అప్పలసూరికి బాగా గుర్తు. పక్కన ఏదో గొణిగినట్టయితే, గ్రీన్ అన్నాడనుకుని తనూ అన్నాడు.

"నాను సూడనేదురా" అన్నాడు. "నువ్వన్నావనుకున్నాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. ఆ సిగ్నల్ దాటితే లెవెల్ క్రాసింగు. బడి వదిలే వేళ. వెనకాల నలభై పెట్టెల ఇనుప ఖనిజం. ఆ రోజు సిగ్నల్ పచ్చగా ఉందో ఎర్రగా ఉందో వాళ్లిద్దరికీ ఇప్పటికీ తెలీదు. గేటు వేసి పిల్లల్ని ఆపి ఉండబట్టి సరిపోయింది గానీ, తీసి ఉంటే? అప్పలసూరి గోడ పట్టుకుని వీధిలోకొచ్చాడు.

అప్పుడే సైకిలు బెల్లు వినపడింది. డ్యూటీ కబురు తెచ్చే మనిషి, పుస్తకం చంకలో పెట్టుకుని దిగాడు. "సుబే ఛే బజే, అప్పలసూరిజీ. సైన్ కీజియే." పొద్దున్న ఆరింటికి బండి, సంతకం పెట్టమని.

ఒక్క పరీక్ష. అది గట్టెక్కితే ఇంకొన్నేళ్లు ఇంజను తనదే. పెన్ను అందుకున్నాడు, తిరిగి ఇచ్చేశాడు.

"నువ్వే రాసుకో" అన్నాడు.

"క్యా లిఖూఁ?" ఏం రాయాలో వాడికి తెలీలేదు.

"అప్పలసూరికి కళ్లు కనపడవని రాసుకో."

వచ్చినవాడు వేళాకోళమనుకుని నవ్వాడు. పక్కనే తమ ఇంటి గుమ్మంలో జిలేబీ పొట్లంతో నిలబడ్డ జోగమ్మ మొహం చూశాక నవ్వు ఆపి, పుస్తకం తెరిచాడు.