వెర్నల్ హాట్‌మేకర్ బొటనవేలు

కార్స్ ఫోర్క్‌లో శనివారం పూట పాత పొగాకు కొట్టంలో కత్తుల సంత జరిగేది. వెర్నల్ హాట్‌మేకర్ వచ్చి పొయ్యి పక్కన చేతుల కుర్చీలో కూర్చునే దాకా అక్కడ ఏ బేరమూ తెగేది కాదు. పాత మడత కత్తి తెచ్చినవాడు ముందు దాన్ని ఆయన చేతిలో పెట్టేవాడు. ఆయన కోసే అంచున్న అలుగు తెరిచి, అది పిడిలోకి దిగే చోట కొట్టిన కంపెనీ ముద్ర చూసి, ఏ ఏటిదో చెప్పేవాడు. అదే దాని పుట్టినరోజు. ఇక దానికి తిరుగులేదు.

జీవితమంతా ఇనుప సామాన్ల కొట్లో కత్తుల బల్ల దగ్గర నిలబడ్డ మనిషి. బ్రాంట్లీ కంపెనీ 1970లో ముద్ర కింద పది చుక్కలు కొట్టడం మొదలుపెట్టిందనీ, ఏడాదికో చుక్క తగ్గిస్తూ పోయిందనీ టెన్నెసీ కొండల్లో పిల్లలక్కూడా తెలుసు. అంతకు ముందు సంగతులే అందరికీ తెలియవు. ముద్రలో అక్షరాల వంపు ఎప్పుడు పోయింది, యుద్ధంలో ఇత్తడి దొరక్క పిడి లోపల ఇనుప రేకు ఎప్పుడు వేశారు, ఇవన్నీ వెర్నల్‌కి నోటికొచ్చు. దయ అనేది మాత్రం ఆయన ఏ బల్ల మీదా అమ్మలేదు.

సంతలో ఒక పద్ధతుంది. కత్తి వయసు మీద ఇద్దరికి మాట తేడా వస్తే ఒకడు "జేబు" అంటాడు. ఓడినవాడు తన జేబులో ఉన్న కత్తి ఏదైనా సరే తీసి ఇచ్చేయాలి. మొహం మాడ్చుకోకూడదు, తిరిగి అడక్కూడదు. అలా వెర్నల్ ఎందరి నాన్నల కత్తులో గెలిచాడు. వాళ్ల కళ్లముందే మరుసటి వారం వేరేవాడికి అమ్మేవాడు.

1979లో హోబర్ట్ రిడెనౌర్ పోయాడు. పోయినవాడి కత్తిని వాడి జేబులోనే పెట్టి సాగనంపడం మా వైపు ఆనవాయితీ. కొడుకు క్లెల్ శవపేటిక దగ్గర నిలబడి, ఇది 1936లో నాన్న గనిలో తొలి జీతంతో కొన్న కత్తి అని వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాడు. వెర్నల్ దాన్ని తీసుకుని, తెరిచి, వెలుగుకి వంచి చూశాడు.

"ఎనిమిది చుక్కలు. డెబ్బై రెండుది," అన్నాడు. "హోబర్ట్ పెట్టెలో పడుకుని కూడా కోతలు కోస్తున్నాడు."

జనం నవ్వు ఆపుకోలేక రుమాళ్లు అడ్డం పెట్టుకున్నారు. మొదటిది ఎక్కడో పోయి ఉంటుంది, నాన్న ఇంకోటి కొనుక్కుని ఉంటాడు అన్నాడు క్లెల్. అలాగైతే అదే చెప్పు, ముప్పై ఆరు అనకు, చూపించలేని మాట ఎందుకు, అన్నాడు వెర్నల్. క్లెల్ ఆ కత్తిని మళ్లీ నాన్న జేబులో పెట్టలేకపోయాడు.

ఏడేళ్లు గడిచాయి. వెర్నల్ చూపు నడిమధ్యలో పాడైంది. నడవగలడు, పక్కనున్న కుర్చీ కనిపిస్తుంది. నేరుగా దేన్ని చూస్తే అదే మాయమైపోతుంది. ఈ సంగతి భార్య ఓజెల్లాకి ఒక్కదానికే తెలుసు. ఆయనకి మోకాలు నొప్పని చెప్పి ఆమే బండి నడిపి దింపేది. సంతలో తెలిస్తే ఆ కుర్చీ పోతుంది, ఆయన మాట పోతుంది. అవి పోతే ఆయనకి మిగిలేది ఓజెల్లా, చిక్కుడు గింజల కూరా, మొక్కజొన్న రొట్టే. అందుకే బొటనవేలి గోటితో ముద్ర తడిమి చెప్పడం మరిగాడు. భూతద్దం ఏదంటే, మీ పిల్లకాయలకే కావాలి అద్దాలు అనేవాడు. తప్పు పోలేదు కూడా.

కనిపెట్టింది క్లెలే. ఒక శనివారం ఎదురుగా నిలబడి నాలుక బయటపెట్టి వెక్కిరించాడు. వెర్నల్ అది కనపడక, అటే చూస్తూ వానల గురించి మాట్లాడుతూ పోయాడు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పుడు రాకుండా నవ్వుకున్నారు. ఆ తర్వాత కొన్ని వారాల పాటు అదో ఆట. వంతులేసుకుని వచ్చి మొహాలు పెట్టేవాళ్లు.

అక్టోబరులో క్లెల్ ఎముక పిడి బ్రాంట్లీ ఒకటి తెచ్చాడు. ముందు రోజు సాయంత్రం కూతురి నెయిల్ పాలిష్, రంగు లేనిది, సూది మొనతో ముద్ర కింది చుక్కల్లో నింపి ఆరబెట్టాడు. కంటికి చుక్కలు శుభ్రంగా కనిపిస్తాయి. గోటికి మాత్రం నున్నగా జారుతుంది.

వెర్నల్ అలుగు తెరిచి మూసి స్ప్రింగు చప్పుడు విన్నాడు. గోరు ముద్ర మీదుగా నడిపాడు. చుక్కల్లేవు, అరవైల చివరిది అన్నాడు.

"డెబ్బై ఆరుది బాబాయ్," అన్నాడు క్లెల్. "జేబు."

చుట్టూ ఉన్నవాళ్లు దగ్గరికి జరిగారు. వెర్నల్ ఇంకోసారి తడిమాడు. అప్పుడైనా వెనక్కి తగ్గొచ్చు. తగ్గితే ఎందుకు తగ్గావంటారు. "జేబే," అన్నాడు.

కత్తి చేతులు మారింది. అందరూ నాలుగు చుక్కలూ లెక్కపెట్టారు. లెక్కపెట్టడం కూడా ఒక్కొక్కడూ పైకే, బడిపిల్లల్లా, ఆయన చెవి దగ్గరకొచ్చి మరీ.

"ఎప్పట్నించి బాబాయ్ కనపడ్డం మానేసింది?" అన్నాడొకడు. "మా ఆవిడ మొహాన్ని నువ్వు ఇన్నాళ్లూ మెచ్చుకుంటుంటే అప్పుడే అనుకున్నాలే."

వెర్నల్ జేబులోంచి కత్తి తీశాడు. 1938లో, కొట్లో చేరిన ఏడాదే కొన్నది. వంపు అక్షరాల ముద్ర, వాడకంతో నల్లబడ్డ అలుగులు. దానికి ఎంతమంది ఎంత ఇస్తామన్నా ఇవ్వలేదు. సంతలో నలుపు పోయేలా ఎవడైనా కత్తి తోమితే వాణ్ణి వెధవ అనేది మొదట ఆయనే.

క్లెల్ దాన్ని జేబులో వేసుకోలేదు. మూలనున్న సానచక్రం దగ్గరికి నడిచి మీట నొక్కాడు. చక్రం కూతకి వెర్నల్ లేచి నిలబడ్డాడు. "అది చెయ్యకురా," అన్నాడు, ఒక్కసారే. ఎవరూ క్లెల్ చెయ్యి పట్టుకోలేదు. అలుగుల నలుపు పోయింది, తర్వాత ముద్ర పోయింది.

ఇంకా వేడిగా ఉన్న కత్తిని తెచ్చి ముసలాడి అరచేతిలో పెట్టాడు.

"తీసుకో. నాకొద్దు. ఏ ఏటిది?"

గోరు నున్నటి ఉక్కు మీద అటూ ఇటూ తిరిగింది.

"ముప్పై ఎనిమిది."

"చూపించు," అన్నాడు క్లెల్.

ఓజెల్లా వచ్చేదాకా ఆయన నిలబడే ఉన్నాడు. కుర్చీలో అప్పటికే క్లెల్ కూర్చున్నాడు.

చలికాలం తర్వాత వెర్నల్ మళ్లీ వచ్చి గోడవార బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఎవరో తెచ్చిన కత్తిని క్లెల్ తెరిచి మూసి నలభై ఎనిమిది అన్నాడు. ఆ చప్పుడు విని వెర్నల్, అది ఇనుప రేకు మోత, యుద్ధం నాటిది, నలభై మూడు అన్నాడు. సరిగ్గా చెప్పాడు. జేబు అని మాత్రం అనలేదు. ఆయన జేబులో ఉన్న కత్తిని ఇప్పుడెవడూ పందేనికి ఒప్పుకోడు.

కత్తి తెచ్చినవాడు ఒకసారి గోడవైపు చూశాడు. తర్వాత క్లెల్ వైపు తిరిగి, నలభై ఎనిమిదేగా అని అడిగి, చీటీ మీద అదే రాసుకున్నాడు.