పెట్టె మార్చాక తేలిన తిథి

మా మాష్టారు కంకిపాడు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. బడిలో నేను ఆయన దగ్గర చదువుకోలేదు. నా చదువు ఇంటర్‌తో ఆగింది. పటమటలో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా కుదురుకున్నాక, ఆదివారాలు బస్సెక్కి ఆయన ఇంటికి వెళ్ళి తిథులు గుణించడం నేర్చుకున్నాను. ఎందుకు నేర్చుకున్నానంటే చెప్పలేను. అంకెలు కనిపిస్తే కూడకుండా ఉండలేని మనిషిని, అంతే.

తండ్రి తద్దినం ఏ రోజు పెట్టాలో ఇంగ్లీషు తేదీ చెప్పదు. ప్రాణం పోయిన సమయానికి ఏ తిథి నడుస్తోందో చూసి, ఏటా అదే మాసంలో అదే తిథికి పెడతారు. తిథి అర్ధరాత్రికి మారాలని లేదు. మిట్టమధ్యాహ్నం మారవచ్చు, తెల్లవారుజామున మారవచ్చు. ఒక్క నిమిషం ఇటో అటో అయితే రోజే మారిపోతుంది. అందుకే జనం మాష్టారి దగ్గరికి వచ్చేవారు. ఆయనకు చూపు మందగించాక నాకు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు.

మాష్టారు రోజును సూర్యోదయంతో మొదలుపెట్టి మర్నాటి సూర్యోదయంతో ముగించేవారు. కాలాన్ని ఘడియల్లో రాసేవారు. ఘడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు. అందులో అరవయ్యో వంతు విఘడియ. ఆయన నాకు నేర్పిన పద్ధతులు మూడు. ఏదైనా ముందు పుస్తకంలో రాయాలి. మెట్లన్నీ చూపించాలి, జవాబొక్కటే రాస్తే సున్నా. తప్పు పడితే చెరపకూడదు, చదవడానికి వీలుగా ఒక్క అడ్డగీత కొట్టి పైన సరైనది రాయాలి.

తరువాత కంప్యూటర్ కొన్నాను. ఆ రోజుల్లో మా బెజవాడలో కంప్యూటర్ నేర్చుకోవడమంటే ఒకే ఒక విదేశీ కంపెనీ సరుకు నేర్చుకోవడం. బెంజి సర్కిల్ చుట్టుపక్కల ఏ ఇన్‌స్టిట్యూట్ బోర్డు మీద చూసినా దాని పేరే ఉండేది. అది కాక మరొకటి ఉండవచ్చని నాకు తోచలేదు. దాని లెక్కల పట్టికలో మొదటిసారి ఒక నిలువు వరసను కూడినప్పుడు, జవాబు నేను చేత్తో వేసినదానితో సరిపోయిందా లేదా అని రెండుసార్లు చూసుకున్నాను. సరిపోయింది. ఆ రోజు నుంచి దాన్ని నమ్మాను.

తిథుల పట్టిక మాత్రం నేను తయారుచేయలేదు. ఇన్‌స్టిట్యూట్ నడిపే ఆయన చేసిపెట్టాడు. సూత్రాలు ఎవరూ పాడుచేయకుండా లోపలి భాగానికి పాస్‌వర్డు పెట్టి తాళం వేశాడు. నాకు బయట కనిపించేవి రెండే గడులు: తేదీ, సమయం. వాటిని నింపితే పక్కన తిథి వచ్చేది. ఘడియలు దానికి తెలియవు, గడియారం సమయమే ఇవ్వాలన్నాడు. పుస్తకంలో ఘడియల్లో రాసుకున్నదాన్ని గంటల్లోకి మార్చి కొట్టడం అలవాటు చేసుకున్నాను. అలా మూడు వందల పదహారు కుటుంబాలు అందులోకి చేరాయి.

మాష్టారు తొమ్మిదేళ్ళ కిందట, మాఘమాసంలో, ఒక ఆదివారం రాత్రి పోయారు. తెల్లవారేసరికి నేను అక్కడున్నాను. వారి భార్యను నేను అమ్మగారూ అంటాను. గోడ గడియారం చూశానని, రెండూ నలభై అయిందని ఆమె చెప్పారు. ఆ అరుగు మీదే కూర్చుని పుస్తకంలో ఘడియల్లో రాసుకున్నాను. పురోహితుడు "మాష్టారి శిష్యుడివి నువ్వుండగా నేనెందుకు చూడటం? నువ్వే చెప్పు" అన్నాడు. ఇంటికొచ్చి పట్టికలో కొట్టి, మాఘ బహుళ షష్ఠి అని ఫోన్లో చెప్పాను. ఆదివారం పగలంతా షష్ఠే కాబట్టి ఎవరికీ సందేహం రాలేదు. చేత్తో ఒకసారి గుణించి ఉండాల్సింది. ఆ పొద్దుట నాకు చేతులు ఆడలేదు. కంప్యూటర్ పెట్టె ఉంది కదా అనుకున్నాను.

కిందటి ఏడాది ఆ పెట్టె నన్ను కాదనడం మొదలుపెట్టింది. నా కంప్యూటర్ పాతదైంది, కొత్త ఎడిషన్‌కు పనికిరాదు అని తెర మీద వచ్చేది. ఆఫీసులో కొత్త కంప్యూటర్ మీద తెరుద్దామంటే అకౌంటు అడిగింది, లోపలికి రావడానికి ఫోనుకు నంబరు పంపుతానంది, ఏటా చందా కట్టమంది. నా పట్టిక నేను తెరవడానికి నేనెవరినో దానికి రుజువు చేసుకోవాలి. అవతల ఫోన్లో ఎవరో వాళ్ళ నాన్న తిథి కోసం కాచుకుని ఉన్నారు. సాయంత్రం చేస్తానని పెట్టేశాను. అంతకుముందు ఎప్పుడూ ఎవరికీ సాయంత్రం అని చెప్పలేదు.

మా ఆఫీసులో డిస్పాచ్ చూసే ఆవిడ నా ఈడుదే. నన్ను సిద్ధాంతిగారూ అని ఆటపట్టిస్తుంది. ఆవిడ తన కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ ఎప్పుడో మార్చేసింది. ఓపెన్ సోర్స్ అంటారట. ఎవరి సొత్తూ కాదు, ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి రాసింది, లోపల ఏముందో కావలసినవాళ్ళు తెరిచి చూసుకోవచ్చు. అది ఎక్కించుకుందామని ఒక శనివారం నా పెట్టెను స్కూటర్ మీద కట్టుకుని ఆఫీసుకు తెచ్చాను.

"ఎన్నేళ్ళ నుంచి వాడుతున్నారండీ ఈ పట్టిక?" అంది తీగలు కలుపుతూ.

"ఇరవై రెండు."

"ఇరవై రెండేళ్ళ కాపురంలో ఒక్కసారైనా లోపలేముందో చూడలేదా?"

"తాళం వేసి ఉందండీ."

"తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"ఇన్‌స్టిట్యూట్ ఆయన దగ్గర. ఆ ఇన్‌స్టిట్యూట్ ఇప్పుడు లేదు. అక్కడ బిర్యానీ హోటలు పెట్టారు."

"అయితే కృష్ణా జిల్లా తిథులన్నీ బిర్యానీ హోటల్లో ఉన్నాయన్నమాట!" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కొత్త పట్టికలో గడుల్లోని అంకెలు తెరుచుకున్నాయి. లోపలి లెక్క మాత్రం నడవలేదు. ఎవరైనా మళ్ళీ రాయాలి. నేనే కూర్చున్నాను. మాష్టారి మెట్లు ఒక్కొక్కటి ఒక్కో వరసలో రాసుకుంటూ పోయాను. సూర్యోదయం, గడిచిన ఘడియలు, చంద్రుడి చోటు, సూర్యుడి చోటు, రెండింటి తేడా. నాలుగు నెలలు పట్టింది. మాష్టారికి ఆ తాళం సంగతి తెలిసుంటే కాలర్ పట్టుకుని ఇరవై రెండేళ్ళ కిందటే ఈ పని చేయించేవారు. ఈసారి గంటల్లోకి మార్చే పని లేదు. పుస్తకాలు ముందేసుకుని, మూడు వందల పదహారు కుటుంబాలవీ ఘడియలు ఘడియలుగానే ఎక్కించాను.

పాత జవాబులనూ కొత్త జవాబులనూ పక్కపక్కన పెట్టి చూశాను. రెండు వందల తొంభై ఏడు సరిపోయాయి. పంతొమ్మిది ఒక్కో తిథి తేడా వచ్చాయి. ఆ పంతొమ్మిదీ అర్ధరాత్రికీ సూర్యోదయానికీ మధ్య పోయినవాళ్ళవే.

నిజం చెప్పాలంటే నాకు ముందు సంతోషం కలిగింది. అంత పెద్ద కంపెనీ సరుకు ఇన్నేళ్ళూ తప్పు లెక్క కట్టిందని, దాన్ని నేను పట్టుకున్నానని. మూడు రోజులు ఆ సంతోషంలోనే ఉన్నాను. నాలుగో రోజు డిస్పాచ్ ఆవిడకు చెప్పాను.

"కేసు వేద్దామా, ముందు పుస్తకం చూద్దామా?" అంది.

పుస్తకం తీశాను. మాష్టారి పేజీ నా దస్తూరీతోనే ఉంది. ఆదివారం, యాభై ఘడియల అయిదు విఘడియలు. ఆ రోజు సూర్యోదయం ఆరూ ముప్ఫై ఎనిమిదికి. దానికి ఇరవై గంటల రెండు నిమిషాలు కలిపితే రెండూ నలభై. అంతవరకూ తప్పు లేదు. కానీ తేదీ గడిలో ఆదివారం తేదీయే కొట్టాను. మాష్టారి లెక్కలో అది ఇంకా ఆదివారమే, తెల్లవారలేదు. పెట్టె లెక్కలో అర్ధరాత్రితో ఆదివారం అయిపోయింది. దాని ఆదివారం రెండూ నలభై అంతకు ఒక రోజు ముందే వచ్చి వెళ్ళిపోయింది. ఆ సమయానికి షష్ఠి మొదలై అరగంట అయింది. అసలు సమయానికి, షష్ఠి వెళ్ళి సప్తమి వచ్చి యాభై నిమిషాలైంది.

పాత పట్టిక నేను అడిగినదానికి సరిగానే జవాబు చెప్పింది. నేనే తప్పు అడిగాను. మెట్లు కనబడి ఉంటే ఏదో ఒక రోజు నా కంట పడేదేమో. కనబడనిదాన్ని ఇరవై రెండేళ్ళు నమ్మినవాణ్ణి కూడా నేనే.

నాకు లెక్క నేర్పిన మనిషికి ఎనిమిది ఆబ్దికాలు ఒక రోజు ముందు పెట్టించాను. తొమ్మిదోది పదకొండు రోజుల్లో ఉంది.

మిగతా పద్దెనిమిది ఇళ్ళకూ ఫోన్లు చేశాను. కొందరు పోనీలెండి అన్నారు. నాలుగు ఇళ్ళవాళ్ళు, "మీరు చెప్పింది సరిగా లేదని మా పురోహితుడు అప్పుడే అన్నాడండీ, ఆయన చెప్పిన రోజే పెడుతున్నాం" అన్నారు. ఆ మాట నాకు చెబితే బాధపడతానని ఊరుకున్నారట.

కంకిపాడుకు మాత్రం ఫోను చేయలేదు. ఆదివారం పుస్తకం సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. బెజవాడ దాటేదాకా, చెప్పకపోతే ఏమవుతుంది అన్నది ఆలోచించాను. ఏమీ కాదు. నాకు తప్ప ఎవరికీ తెలియదు. గంగూరు దగ్గర కండక్టర్ టికెట్ చూపించమంటే పుస్తకం తీసి ఇచ్చాను.

అమ్మగారు వసారాలో కొత్త చింతపండు ముందేసుకుని గింజలు తీస్తున్నారు. వారి అబ్బాయి, ఆయనా బడిపంతులే, పేపరు చదువుతున్నారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. మొత్తం చెప్పాను. మెట్లన్నీ చెప్పాను.

అబ్బాయిగారు పేపరు మడిచారు. "ఎనిమిదేళ్ళా అండీ?" అన్నారు.

"ఎనిమిదేళ్ళు."

అమ్మగారు గింజలు తీయడం ఆపలేదు. "ఆ గోడ గడియారం పది నిమిషాలు ముందుండేదిరా. బడికి ఆలస్యమవుతుందని ఆయనే అలా తిప్పి పెట్టేవారు. అది కూడా చూశావా?"

చూడలేదు. నిలబడే లెక్క వేశాను. "పది తీసినా సప్తమేనండీ. ఇంకా నలభై నిమిషాలు మిగులు ఉంటుంది."

"అయితే సప్తమే." గింజ ఒకటి పక్కన పడేశారు. "ఒక రోజు ముందు పెట్టాం, అంతేగా. బందరు వెళ్ళాలన్నా గంట ముందే బస్టాండులో నిలబడే మనిషి. ముందే వచ్చి కూర్చునుంటారులే." అని కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. చింతపండు చెయ్యి కంట్లో పడి మండినట్టుంది, లేచి కుండీ దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చారు.

వచ్చి, "నాకెందుకు చెప్పావు? ఊరుకుంటే తెలిసేదా?" అన్నారు. ఈసారి గొంతులో పరిహాసం లేదు.

"తెలిసేది కాదండీ."

"ఏదీ, ఆ పుస్తకం."

ఇచ్చాను. ఆమె ఆ పేజీ చాలాసేపు చూశారు. తిరిగి ఇచ్చి, "కొట్టు" అన్నారు. షష్ఠి అన్నచోట చదవడానికి వీలుగా ఒక్క అడ్డగీత కొట్టి పైన సప్తమి అని రాశాను. అబ్బాయిగారు లోపలికి వెళ్ళి పురోహితుడికి ఫోను చేశారు. రోజు మారితే ఒక చిక్కు వచ్చింది. తద్దినంలో పితృస్థానంలో కూర్చుని భోజనం చేసే భోక్త, సప్తమినాడు మరొకరింట్లో ఒప్పుకున్నాడు.

"నువ్వు కూర్చో" అన్నారు అమ్మగారు.

"నేనా అండీ? నాకు మంత్రాలు రావు."

"తినడం వచ్చుగా. నువ్వు మార్చిన రోజు. నువ్వే కూర్చో."

సప్తమినాడు తడి పంచెతో పీట మీద కూర్చున్నాను. మాష్టారి పేరు, గోత్రం చెప్పి నా కాళ్ళు కడిగారు. ఆ పేరు వినబడినప్పుడల్లా తల వంచుకున్నాను. గారెలు, పరవాన్నం, ఆయనకు ఇష్టమని కంద వేపుడు. అమ్మగారు వంటింటి గుమ్మంలో నిలబడి, ఆయన తిన్నంత తినేదాకా వడ్డించమంటూనే ఉన్నారు. భోజనం చివర కర్త భోక్తను అడగాలి, తృప్తి కలిగిందా అని. అబ్బాయిగారు చేతులు జోడించి అడిగారు.

ఆ స్థానంలో ఉన్నవాడు జవాబు చెప్పాలి. నేను విస్తరి వంకే చూస్తూ కూర్చున్నాను. పురోహితుడు నా వంక చూశాడు.

"ఇంతసేపు ఆలోచించే లెక్క కాదురా అది" అన్నారు అమ్మగారు గుమ్మంలోంచి.

తృప్తి కలిగిందని చెప్పాను. విస్తరి ముందు నుంచి లేచేటప్పుడు గోడ గడియారం చూశాను. పది నిమిషాలు తీసేసి చూశాను. సప్తమి ఇంకా ఆరు ఘడియలుంది.