వసారాలో ఈతకల్లు, గదిలో బ్రాందీ

పెళ్లిచూపులకు ఉదయగిరి వెళ్లి, ముంతెడు ఈతకల్లు ఒక్క గుక్కలో తాగేసి, ఆ ఇంటివాళ్లచేత ఔరా అనిపించుకుని పిల్లను ఖాయం చేసుకొచ్చిన మొనగాణ్ణి నేను. డెబ్బైల నాటి మాట.

సరే, ముంత కాదు, తాటాకు దొన్నె. ఔరా అన్నవాళ్లు కూడా లేరు.

అప్పుడు ఆత్మకూరులో గుమాస్తాను. జీతాలనాడు మా ఆఫీసువాళ్లం లాడ్జిలో గది తీసుకుని, తలుపు గడియపెట్టి, టీ గ్లాసుల్లో బ్రాందీ పోసుకునేవాళ్లం. అది మర్యాద. కల్లు తాగేవాడు తాగుబోతు. పెళ్లిచూపులకు బయల్దేరుతుంటే హెడ్ గుమాస్తా మరీ మరీ చెప్పాడు: "ఎవరడిగినా అలవాటు లేదను. లేకుంటే పిల్లనియ్యరు."

పిల్ల చూడగానే నచ్చింది. ఎలాగైనా ఈ సంబంధం కుదరాలనుకున్నాను. ఇంతలో పిల్ల వాళ్ల అవ్వ, వీధిలో పోయేవాళ్లంతా చూస్తుండగానే, వసారాలో కూర్చుని పొద్దుటి కల్లు ఒక దొన్నెలో తాను పోసుకుని, ఇంకో దొన్నె నాకందించింది.

"అలవాటు లేదవ్వా," అన్నాను గొప్పగా.

"ఏంది అబ్బయ్యా, మా ఇంట్లో ఇచ్చింది నోట పెట్టవా? అంత కానోళ్లమా?"

పిల్ల నాయన మొహం తిప్పుకున్నాడు. గబుక్కున అందుకుని గటగటా తాగేశాను. ఆయన మొహం విప్పారింది.

"మరి ఆత్మకూర్లో ఏం పుచ్చుకుంటా ఉంటావు?"

ఓహో, ఇది తాగేవాళ్లను మెచ్చే ఇల్లు కాబోలు అనుకున్నాను. అప్పుడే వరస కూడా కలిపేశాను. "బ్రాందీ మామయ్యా. లాడ్జిలో, ఫ్రెండ్సుతో."

ఆయన నవ్వు ఆగిపోయింది. "తలుపులేసుకోని తాగతావా?"

"ఓరి దేవుడా, తాగుబోతోడికా మన పిల్లనిచ్చేది!" అంటూ అవ్వ తన దొన్నెలో మిగిలిన కల్లు ఖాళీ చేసింది.

తాగనంటే అలిగారు. తాగితే మెచ్చారు. తాగుతానంటే తాగుబోతునన్నారు. తప్పు బ్రాందీదా, తలుపుదా? ఇప్పటికీ నాకు తేలలేదు. అయినా సంబంధం కుదిరింది. నా నిజాయితీ చూసి మెచ్చారని ఇన్నేళ్లుగా చెప్పుకుంటున్నాను.

ఇంతవరకూ రాసి మా ఆవిడకు చదివి వినిపించాను.

"నిజాయితీ అంట, నా మొహం! దొన్నెడు తాగిందెక్కడ? సగం తాగి పెరట్లోకి పరిగెత్తినారు. జామచెట్టు కింద కక్కుకుంటా ఉంటే కిటికీలోనించి చూసినాను. 'నాయనా, ఈ మనిషి కడుపులో కల్లే నిలవలేదు, ఇంక బ్రాందీ ఏం నిలస్తాది, తాగుబోతయ్యే రాత లేదులే' అని ఒప్పించింది నేను. అది రాయండి."